అనంతపురంలో లగ్నం లెక్క: సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుంది?

పుట్టిన టైము ఒకటే ఇచ్చినా రెండు జాతకం సాఫ్ట్‌వేర్లు వేర్వేరు నవాంశ లగ్నాలు చూపిస్తున్నాయి, ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. లగ్నం అంటే పుట్టిన క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశిచక్ర బిందువు. ఒక్కో రాశిని తొమ్మిది ముక్కలు చేస్తే ఒక్కోటి నవాంశ. లగ్నం పడిన ముక్కకు చెందిన రాశే నవాంశ లగ్నం. గ్రహాల లెక్కను అనుమానించే పని లేదు. ఇరవై నిమిషాల్లో అందరికన్నా వేగమైన చంద్రుడే సుమారు పదకొండు కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) కదులుతాడు. లగ్నం మాత్రం నాలుగు నిమిషాలకు ఇంచుమించు ఒక డిగ్రీ పరుగెడుతుంది. నవాంశ పదమూడు నిమిషాలకే మారిపోతుంది.

మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది. అనంతపురం 77°36′ మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడి స్థానిక కాలం గడియారం కన్నా 19 నిమిషాల 36 సెకన్లు వెనక. కర్నూలుకు దాదాపు 18, కడపకు 15. బడిలో ఈ లెక్క సొంత ఊరికి వేయిస్తే రేఖాంశం అంటే ఏమిటో పిల్లలు జన్మలో మరిచిపోరు.

2000 జనవరి 1, ఉదయం 6:30, అనంతపురం అనుకుందాం. గ్రీనిచ్‌లో అప్పుడు 1:00. ఆ రోజు సున్నా గంటకు అక్కడి నక్షత్ర కాలం, అంటే నక్షత్రాల తిరుగుడు ప్రకారం నడిచే గడియారం, 6-39-52 (గంటలు-నిమిషాలు-సెకన్లు). నక్షత్ర దినం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే కాబట్టి, గడిచిన గంటకు 1-00-10 కలపాలి. అనంతపురం రేఖాంశానికి 5-10-24. మొత్తం 12-50-26, అంటే 192.6 డిగ్రీలు. దీన్ని అక్షాంశం 14°41′తో, క్రాంతివృత్తపు (ఆకాశంలో సూర్యుడి దారి) వాలు 23°26′తో కలిపి త్రికోణమితి సూత్రంలో వేస్తే సాయన లగ్నం (వసంత విషువత్తు బిందువు నుంచి కొలిచినది) 275°37′. ఆ బిందువుకూ నక్షత్రాల ఆధారంగా కొలిచే రాశిచక్రం మొదలుకూ మధ్య తేడా అయిన అయనాంశ, లాహిరి లెక్కలో 23°51′, తీసేస్తే ధనుస్సులో 11°46′. నవాంశ కర్కాటకం. జాతక ఫలితాలకు శాస్త్రీయ రుజువు లేదు. తూర్పున ఏ బిందువు ఉదయిస్తోందో మాత్రం ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.

పాత పద్ధతి అలవాటైనవాళ్లు ఆ పంతొమ్మిదిన్నర నిమిషాలు తామే తీసేసి 6:10:24 అని కొడతారు. సాఫ్ట్‌వేర్ మళ్లీ తీసేస్తుంది. లగ్నం 7°14′కు జారి నవాంశ మిథునమవుతుంది. మ్యాపులో కనిపించే 77.60ని 77 డిగ్రీల 60 కళలుగా వేస్తే ఊరు 78 డిగ్రీలకు పోతుంది, ఒకటిన్నర నిమిషం తేడా. ఆదోనిలో పుట్టినవాళ్లకు కర్నూలు ఎంచితే మూడు నిమిషాలు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు యుద్ధం వల్ల గడియారాలు గంట ముందుకు జరిపారు. ఆ జాతకాల్లో సాఫ్ట్‌వేర్ టైమ్‌జోన్ 6:30 తీసుకుందో లేదో చూడాలి.

పరీక్ష సులువు. మీ ఊరి సూర్యోదయ సమయం ఇవ్వండి. లగ్నం రవి డిగ్రీకి దగ్గరగా, దాదాపు ఒక డిగ్రీలోపు వెనక ఉండాలి. కాంతి వంగడం వల్ల, సూర్యబింబం పై అంచు కనబడగానే ఉదయంగా లెక్కించడం వల్ల సూర్యోదయం మూడు నాలుగు నిమిషాలు ముందే పడుతుంది గనుక ఆ తేడా మామూలే. అనంతపురంలో ఐదారు డిగ్రీలు వెనకుంటే స్థానిక సవరణ రెండుసార్లు జరిగి ఉండొచ్చు.