రమ్ము: చెరకు ఇక్కడిది, పేరు పరాయిది

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ల మాటల్లో సారా ఊరి సరుకు, రమ్ము మిలట్రీ సరుకు. ఆబ్కారీ లెక్కల్లోనూ అంతే. సారాది దేశీ పద్దు, రమ్ముది విదేశీ పద్దు. ముడిసరుకు చూస్తే ఈ తేడా నిలవదు. బెల్లం సారాకైనా రమ్ముకైనా మూలం చెరకే. రమ్ముకు బెల్లానికి బదులు చక్కెర మిల్లులో మిగిలే మడ్డి వాడతారు, అంతే.

పేరు మాత్రం నిజంగానే సముద్రం దాటి వచ్చింది. 1650ల నాటి కరీబియన్ దీవి బార్బడోస్ రాతల్లో చెరకు సారాను 'రంబులియన్' అన్నారు, 'కిల్ డెవిల్' అనీ అన్నారు. ఇంగ్లండులోని డెవన్ యాసలో రంబులియన్ అంటే పెద్ద గోల, గలాటా. 1654లో అమెరికాలోని కనెక్టికట్ ఉత్తర్వులో అది 'రమ్'గా కనిపిస్తుంది. స్పానిష్‌వాళ్లు దాన్ని 'రోన్' చేసుకున్నారు. ఫ్రెంచివాళ్లు కిల్ డెవిల్‌నీ వదల్లేదు, 'గిల్డీవ్' అని పలికారు. చెరకు లాటిన్ పేరు 'సాకరమ్' తోక తెగి రమ్ అయిందన్న మాట వినసొంపుగా ఉంటుంది గానీ, పాత రాతల బలం రంబులియన్‌కే ఉంది.

అరబ్బీ, ఫార్సీల 'రూమ్' వేరు. అది రోమ్, బైజాంటియం రాజ్యం. కవి రూమీ పేరూ, వరాహమిహిరుడు చెప్పిన పాత ఖగోళ గ్రంథం రోమక సిద్ధాంతమూ అటువైపువి. స్వీడిష్‌లో రుమ్ అంటే గది. వీటికీ సీసాకూ చుట్టరికం లేదు.

ఇక తయారీ. మడ్డిలో సుమారు సగం చక్కెరే. అంత చిక్కదనంలో పులియబెట్టే ఈస్టు బతకదు కాబట్టి మూడు నాలుగింతల నీళ్లు కలిపి ఊట వేస్తారు. 30–35 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులకు ఊట తయారవుతుంది, అందులో ఆల్కహాలు 6–9 శాతం. వేడి 38 దాటితే ఈస్టు నీరసించి పులుపు పుట్టించే సూక్ష్మజీవులు పైచేయి సాధిస్తాయి, ఊట వెనిగర్ వాసన కొడుతుంది. కాచేటప్పుడు ఘాటైన తొలి ధారనూ, నూనె వాసన వేసే చివరి ధారనూ పక్కన పెట్టాలి. బెల్లం, మడ్డి ఊటల్లో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు దాదాపు పుట్టదు. మిథనాల్‌తో ప్రాణాలు పోయేది ఎక్కువగా పరిశ్రమల స్పిరిట్ కలిపినప్పుడే. 1992లో కటక్‌లో 200 మందికి పైగా చనిపోయింది మిథనాల్ కలిసిన సారా తాగే.

మన నేలకు ఈ పరిశ్రమ కొత్త కాదు. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 19వ శతాబ్దంలోనే అక్కడి ఆస్కాలో మించిన్ దొర చక్కెర కర్మాగారం, దాని పక్కనే సారా బట్టీ నడిచాయి. మరి విదేశీ ముద్ర ఎందుకు? బ్రిటిష్ సైన్యం, నావికాదళం రోజువారీ రేషన్‌గా రమ్ము ఇచ్చేవి. నావికాదళంలో ఆ అలవాటు 1970 జులై 31 దాకా సాగింది. వాళ్ల సరుకుకు ఒక పద్దు, ఊరి బట్టీకి ఒక పద్దు రాసిన ఆబ్కారీ పద్ధతే స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. ఈ విభజన అన్యాయమైనదే. రైతు చెరకు ఒకటే అయినా లైసెన్సు, పన్ను, మర్యాద పేరును బట్టి మారుతున్నాయి.

సీసా మీద 42.8 శాతం, 25 యు.పి. (అండర్ ప్రూఫ్, అంటే ప్రూఫ్ కంటే తక్కువ) అని రాసేదీ ఆ కాలపు కొలతే. మద్యం ఘాటును కొలిచే బ్రిటిష్ ప్రూఫ్‌లో నూరు డిగ్రీలంటే 57 శాతం ఆల్కహాలు. అందులో పాతిక తగ్గిస్తే 75 డిగ్రీలు, అంటే 42.8 శాతం.