నైట్ షెల్టర్ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఎందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో నిరాశ్రయుల షెల్టర్లలో పనిచేసే కేర్‌టేకర్లకు, మేనేజర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి గంటలో దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి. షెల్టర్లు నడిపించే పెద్దవాళ్లలో కూడా చాలామంది ఇవే నమ్ముతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ఇది వాచ్‌మన్ పనే కదా. రిజిస్టర్‌లో పేరు రాసుకుని దుప్పటి ఇస్తే సరిపోతుంది, కాస్త జాలిగుండె ఉంటే ఇంకా మంచిది.

వాస్తవం: పట్టణ నిరాశ్రయుల కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం షెల్టర్‌కి ఒక మేనేజర్, 8 గంటల షిఫ్టుల్లో పనిచేసే కనీసం ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలి. అంటే రాత్రంతా యాభై మందికి ఒక్క మనిషే దిక్కు. ఒకాయనకి జ్వరం, ఇంకొకాయనకి ఫిట్స్, పసిపిల్లతో వచ్చిన అమ్మాయిని వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చి కేకలేస్తున్న మొగుడు, అన్నీ ఒకే రాత్రి రావచ్చు. జాలి ఒక్కటే ఉన్నవాళ్లు ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు పెడతారు, నోట్లో గుడ్డ కుక్కుతారు, దాంతో ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. నేర్చుకున్న మనిషైతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసుకుని, 5 నిమిషాలు దాటినా, ఆ మనిషికి ఫిట్స్ రావడం ఇదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేస్తాడు.

అపోహ: తాగి వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపాలి. మానేస్తేనే చోటివ్వాలి.

వాస్తవం: కొట్లాటకు దిగేవాణ్ని ఆపడం వేరు, తాగొచ్చి ఒక మూల ముడుచుకుని పడుకునేవాణ్ని రోడ్డు మీదికి తోసేయడం వేరు. డిసెంబర్ చలిలో ఒంటి మీద తెలివి లేని మనిషికి రోడ్డు పక్కన ఏమైనా కావచ్చు. అయితే నాకు అంతకంటే ఎక్కువ భయం "మాన్పించేద్దాం" అనే ఉత్సాహం గురించి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి, రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, చూడకుండా వదిలేస్తే ప్రాణమే పోవచ్చు. మన దగ్గర దీనికి కల్తీ కల్లు కూడా తోడవుతుంది. అందులో ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు, కాబట్టి అది మామూలు కల్లు అలవాటు కాదు, మత్తుమందు అలవాటు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు జనం వరస కట్టారు, ఫిట్స్‌తో, తమలో తామే మాట్లాడుకుంటూ. అలాంటి మనిషి షెల్టర్‌లో రెండో రాత్రి గోడతో మాట్లాడుతుంటే, ట్రైనింగ్ లేని స్టాఫ్ "పిచ్చి పట్టింది" అంటారు, కొందరైతే దయ్యం అంటారు.

అందుకే వచ్చిన రోజే మూడు ప్రశ్నలు అడగమంటాను. ఏం తాగుతావన్నా? రోజూనా? చివరిసారి ఎప్పుడు తాగావు? తిట్టకుండా అడగాలి. తిడితే అబద్ధం చెప్తారు, ఆ అబద్ధంతో మనం ఏమీ చేయలేం.

అపోహ: ఆధార్ లేకపోతే తీసుకోకూడదు.

వాస్తవం: తీసుకోవాలి. కార్డు లేనివాళ్లకు కార్డు ఇప్పించే దారి కూడా షెల్టరే. గుర్తింపు ఉన్న షెల్టర్ అధిపతి ఆధార్ వాళ్ల నమూనాలో ఫోటోతో ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఓటు హక్కుకైతే ఇల్లు లేకున్నా ఫర్వాలేదు, బూత్ లెవెల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని ఒకటికంటే ఎక్కువ రాత్రులు చూసుకుంటే చాలు, చిరునామాకు వేరే పత్రం అడగకూడదు.

అపోహ: వాళ్లంతా బిచ్చగాళ్లు, వాళ్లకు ఫుట్‌పాతే ఇష్టం. ఎంత పిలిచినా రారు.

వాస్తవం: చాలామంది అడ్డా మీద కూలికి వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లలో వంటపనికి వెళ్లేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు. రాకపోవడానికి కారణాలు అడిగితే చెప్తారు. తెల్లారకముందే అడ్డాకు చేరాలి, షెల్టర్ గేటేమో ఆరింటికి గానీ తీయరు. ఏరిన చిత్తుసంచి పెట్టుకోవడానికి చోటు లేదు. భార్యాభర్తల్ని విడదీసి వేర్వేరు షెల్టర్లకు పంపుతారు. భయం కూడా ఉంది. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ సదస్సు ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించి, చాలామందిని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. వ్యాన్ ఎక్కితే ఎక్కడికి తీసుకెళ్తారో తెలియదన్న భయానికి కారణం అదీ. కాబట్టి వాళ్లను షెల్టర్‌కి పిలవడానికి మొదటిసారి వెళ్లేటప్పుడు వ్యాన్ వద్దు, ఫోటోలు అసలే వద్దు. కింద కూర్చుని, పేరు అడిగి, అన్నా, అమ్మా అని మాట్లాడాలి. "రేపొస్తా" అని చెప్తే అదే మనిషి మర్నాడు వెళ్లాలి. వెళ్లకపోతే అక్కడితో నమ్మకం పోతుంది.

అపోహ: మతిస్థిమితం లేనివాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారు.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం పోలీసుల బాధ్యతే. లాకప్‌లో పెట్టకూడదు. కానీ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ ముందు కూర్చున్నాక, ఈయన ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాడు, నిద్రపోతున్నాడా, ఏమైనా తింటున్నాడా అంటే చెప్పగలిగింది కేర్‌టేకర్ ఒక్కరే. డిశ్చార్జి అయ్యాక మాత్రలు వేయించాల్సిందీ వాళ్లే.

అపోహ: ఏడాదికి ఒక రోజు ట్రైనింగ్ ఇస్తే చాలు.

వాస్తవం: జీతాలు తక్కువ, అవి కూడా ఆలస్యం, దాంతో స్టాఫ్ మారిపోతూనే ఉంటారు. నెలకోసారి గంటసేపు కూర్చుని ఆ నెలలో నిజంగా జరిగిన రెండు మూడు ఘటనల గురించి మాట్లాడుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కొత్తవాళ్లకు మొదటి వారం ఒంటరిగా రాత్రి డ్యూటీ వేయకండి, పాతవాళ్లతో కలిపి వేయండి. 108, మానసిక ఆరోగ్యానికి 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, దగ్గర్లోని పోలీస్ స్టేషన్ నంబరు, ఇవన్నీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.