పరుగెత్తేవాళ్ళకు విటమిన్ బిళ్ళలు కావాలా?

పిల్లలూ,

మీలో ఒకమ్మాయి అడిగింది: "తాతయ్యా, వ్యాయామం చేస్తే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుట్టి కణాల్ని పాడుచేస్తాయట కదా, మా టీమ్‌లో ఒకడు రోజూ విటమిన్ సి, విటమిన్ ఇ బిళ్ళలు మింగుతున్నాడు, నేనూ వేసుకోనా?" పుట్టడం నిజమే తల్లీ. పాడుచేయడమూ కొంత నిజమే. కానీ వాటితో పని కూడా ఉంది.

కట్టెల పొయ్యి చూశారా? మంట పెరిగితే చిటపటమని రవ్వలు లేస్తాయి. కండరమూ అలాంటి పొయ్యే. ఊరికే కూర్చున్న పెద్దమనిషికి నిమిషానికి సుమారు పావు లీటరు ఆక్సిజన్ సరిపోతుంది, అదే గట్టిగా పరుగెత్తితే పదింతలు కావాలి. అప్పుడు లేచే రవ్వలే ఈ ఫ్రీ రాడికల్స్, అంటే పక్కనున్నవాటితో చటుక్కున చర్య జరిపే చురుకైన అణువులు. చిన్నప్పుడు నేను మా నాయనమ్మ పక్కన కూర్చుని గొట్టంతో పొయ్యి ఊదేవాణ్ణి. పొగకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా రవ్వలు ఎగరడం చూడాలని ఇంకా ఊదేవాణ్ణి, ఆవిడ కసురుతూనే ఉండేది. రవ్వ పడి వెనక తడిక మాడిందనుకోండి, మర్నాడు పొద్దున్నే సరిగ్గా అక్కడే మట్టి మెత్తేది, ముందటికంటే మందంగా.

ఒళ్ళూ అంతే. రవ్వలు పడ్డాయని తెలిశాకే కాపలా పెంచుకుంటుంది. రవ్వల్ని ఆర్పే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ లాంటి సొంత ఎంజైములు, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, అన్నీ సాధనతో పెరుగుతాయి. విటమిన్ ఇ అయితే కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో నిలబడి రవ్వను తన మీదకు తీసుకుని చెడిపోతుంది, విటమిన్ సి వచ్చి దాన్ని మళ్ళీ బాగుచేస్తుంది. ఎన్నిసార్లు చదివినా నాకిది అబ్బురమే.

మరి ముందే తడికంతా నీళ్ళతో తడిపేస్తే? మాడదు, నాయనమ్మ మట్టీ మెత్తదు. బిళ్ళలు మింగడమూ అలాంటిదే. జర్మనీ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధనలో యువకులచేత 4 వారాలు వ్యాయామం చేయించి, కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు విటమిన్ ఇ ఇచ్చారు. బిళ్ళలు వేసుకోనివాళ్ళలో రక్తంలో చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, వేసుకున్నవాళ్ళలో ఆ లాభం కనిపించలేదు. 2014లో నార్వేవాళ్ళు 11 వారాల సాధనతో చూస్తే, ఒళ్ళు ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం బిళ్ళలు వేసుకున్న జట్టులోనూ, వేసుకోని జట్టులోనూ పెరిగింది. కండరంలో మైటోకాండ్రియా పెరిగిన గుర్తులు మాత్రం బిళ్ళలు లేనివాళ్ళలోనే కనిపించాయి. కాబట్టి బిళ్ళ మింగితే పరుగే ఆగిపోతుందని చెప్పను, కానీ కష్టపడి తెచ్చుకుంటున్నదాన్ని ఎందుకు తగ్గించుకోవాలి?

విటమిన్లు వద్దని కాదు. విటమిన్ సి మన ఒళ్ళు చేసుకోలేదు, అది లేకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు వస్తుంది. పళ్ళు, కూరలు, గింజలు కడుపునిండా తినండి. లోపం ఉందని డాక్టర్ చెబితే బిళ్ళ వేసుకోవాల్సిందే, మిత్రుడు వేసుకుంటున్నాడని మాత్రం వేసుకోకండి.

ఇప్పుడు ఒక పని చేయండి. రేపు కొంత దూరం పరుగెత్తి, ఆగగానే నాడి పట్టుకుని లెక్కపెట్టండి, రెండు నిమిషాలాగి మళ్ళీ చూడండి, రెండూ రాసుకోండి. నెలరోజులు సాధన చేశాక అదే దూరం అదే వేగంతో పరుగెత్తి, ఆ అంకెలు ఏమయ్యాయో నాకు రాయండి.

మీ తాతయ్య