లావా నేలలన్నీ సారవంతమేనా? హవాయి మట్టి గురించి అపోహలు - వాస్తవాలు

"అగ్నిపర్వతం నేల కదండీ, ఇంక ఎరువెందుకు?" నేలల పరీక్షలు చేసే మాలాంటివాళ్లకు ఈ మాట కొత్త కాదు. దీనికి జవాబు హవాయి దీవుల్లో దొరికినంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకదని నా అభిప్రాయం. దీవులన్నీ చాలావరకు ఒకే రకం లావాతో, బసాల్ట్‌తో పుట్టాయి. ఆగ్నేయాన ఉన్న పెద్ద దీవిలో ఇప్పటికీ లావా పొంగుతోంది. వాయవ్యాన ఉన్న కవాయి వయసు దాదాపు 50 లక్షల ఏళ్లు. రాయి ఒకటే అయినప్పుడు మట్టిలో కనిపించే తేడా చాలావరకు వానదో, వయసుదో అయి ఉండాలి.

అపోహ: లావా నేల అంటేనే సారం.

వాస్తవం: చల్లారిన కొత్త లావాలో భాస్వరం, సున్నం, మెగ్నీషియం ఉంటాయి కానీ నత్రజని దాదాపు ఉండదు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవులు, రాళ్ల మీద బూడిద రంగులో పెరిగే లైకెన్లు ఆ లోటును మెల్లగా తీరుస్తాయి. ఆ తర్వాత కూడా నేల ఎలా తయారవుతుందన్నది వాన మీద ఆధారపడుతుంది.

పెద్ద దీవి ఉత్తర కొసన ఉన్న కొహాలా కొండనే చూడండి. పడమటి తీరాన ఏడాదికి 250 మి.మీ. వాన కూడా పడదు. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు వెళ్లకముందే, శిఖరం దగ్గర 3,000 మి.మీ. దాటుతుంది. కింద ఎండు నేలలో సున్నపు గడ్డలు కనిపిస్తాయి. పోషకాలున్నా పైరుకు నీళ్లు లేవు. పైన వాన సున్నాన్ని, మెగ్నీషియాన్ని, పొటాష్‌ను కడిగేసింది. నేల ఆమ్లగుణం పెరిగి పులిసి, అల్యూమినియం ఎక్కువై, వేర్లు సాగవు. ఈ రెండింటి మధ్య ఉన్న పట్టీలోనే అసలైన సారవంతమైన నేల ఉంది.

1778లో కెప్టెన్ కుక్ రాకకు ఎంతో ముందే హవాయి రైతులు సరిగ్గా ఆ పట్టీలోనే రాతిగట్లు కట్టి చిలగడదుంప, చేమ పండించారు. ఆ గట్లు ఈనాటికీ ఉన్నాయి. కొండకు ఒక భాగం సుమారు 1,50,000 ఏళ్ల నాటి లావా, ఇంకో భాగం సుమారు 4,00,000 ఏళ్లది. పాత లావా మీద పొలాల పైహద్దు ఇంకా తక్కువ వాన దగ్గరే ఆగిపోతుంది. అంతే వానకు ముసలి నేల త్వరగా ఖాళీ అవుతుందన్న మాట. మట్టి పరీక్ష అన్న మాటే లేని రోజుల్లో వాళ్లు ఆ గీతను అంత కచ్చితంగా పట్టుకోవడం నాకు గొప్ప విషయంగా తోస్తుంది.

అపోహ: ఎంత పాత నేల అయితే అంత మంచిది.

వాస్తవం: కొంతవరకే. దాదాపు ఒకే వాన, ఒకే ఎత్తు ఉన్న చోట్లను ఎంచుకొని, 300 ఏళ్ల లావా నుంచి 41 లక్షల ఏళ్ల కవాయి నేల దాకా శాస్త్రవేత్తలు వరసగా పరిశీలించారు. అక్కడి అడవుల్లో పెరిగే ఓహియా చెట్లకు ఎరువులేసి చూస్తే, కుర్ర నేలలో నత్రజనికి ఏపుగా పెరిగాయి, ముసలి నేలలో భాస్వరానికి. మధ్య వయసు నేలల్లోనే అడవి బాగా బతుకుతుంది.

కవాయిలో రాతి నుంచి వచ్చిన భాస్వరం దాదాపు అయిపోయింది. ఇప్పుడు అక్కడి అడవికి వేల కిలోమీటర్ల దూరంలోని ఆసియా ఎడారుల నుంచి గాలిలో వచ్చే ధూళే భాస్వరం అందిస్తోంది. సున్నం, మెగ్నీషియం సముద్రపు తుంపరల నుంచి వస్తాయి. బసాల్ట్‌లో లేని క్వార్ట్జ్ రేణువులు ఆ మట్టిలో దొరకడమే ధూళి రాకకు సాక్ష్యం.

అపోహ: లావా ఇన్నేళ్లకు మట్టి అవుతుందని లెక్క చెప్పొచ్చు.

వాస్తవం: చెప్పలేం. పెద్ద దీవి పడమటి తీరాన కోనా విమానాశ్రయం 1801 నాటి లావా మీద ఉంది. వాన తక్కువ కాబట్టి చుట్టూ ఇప్పటికీ నల్లటి రాళ్లే. అదే దీవి తూర్పున హీలో వైపు 1881లో పారిన లావా మీద వాన పుణ్యాన చెట్లు లేచాయి.

అపోహ: బసాల్ట్ మీద నల్లమట్టే ఏర్పడుతుంది.

వాస్తవం: మన దగ్గర కూడా ఇది నిజం కాదు. ఆదిలాబాద్ నల్లరేగడి, వికారాబాద్ ఎర్ర జేగురు నేల రెండూ దక్కన్ బసాల్ట్ నుంచి వచ్చినవే. హవాయిలోని ఒవాహు దీవిలో వాన తక్కువ పడే లువాలువాలెయి లోయలో ఎండకు నెర్రెలిచ్చి తడికి ఉబ్బే బంకమట్టి ఉంది. మన రేగడి రైతు చూడగానే గుర్తుపడతాడు. అదే దీవి మధ్యలో, వహియావా దగ్గర, ఎర్రమట్టి.

అపోహ: ఎర్రమట్టిలో ఇనుముకు లోటుండదు.

వాస్తవం: మట్టిలో ఉండదు, మొక్కలో ఉంటుంది. ఒవాహులో మాంగనీసు ఎక్కువున్న నేలల్లో అనాస మొక్కలు పసుపుపచ్చగా పాలిపోయేవి. మాంగనీసు అడ్డుపడి ఇనుము మొక్కకు అందేది కాదు. 1916 నాటికే ఆకుల మీద ఇనుప సల్ఫేట్ పిచికారీ చేసి దాన్ని సరిచేశారు.

అపోహ: వేళ్లతో నలిపితే ఏ మట్టో తెలిసిపోతుంది.

వాస్తవం: హీలో వైపు అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడిన మట్టి దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. ముద్ద చేతిలో గట్టిగానే అనిపిస్తుంది. వేళ్ల మధ్య నొక్కగానే జారుడుగా మారి, వేళ్లు తడిసిపోతాయి. మట్టి బరువు కన్నా అందులో ఉన్న నీటి బరువే ఎక్కువ. అలోఫేన్ లాంటి అతిసూక్ష్మ పదార్థాలు అంత నీటిని పట్టి ఉంచుతాయి. వేసిన భాస్వరాన్నీ అవే బిగించేస్తాయి. ఒకసారి పూర్తిగా ఎండితే గట్టి గులకల్లా మారిపోతుంది, మళ్లీ తడిపినా మునుపటి స్థితికి రాదు. అందుకే ఈ నమూనాలను ఎండబెట్టకూడదు. తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి, పొలం తడితోనే ల్యాబ్‌కు పంపాలి. తేమ శాతం వేరుగా కొలిపించి, ఫలితాలను దాని ప్రకారం లెక్క వేయించుకోవాలి.