మసీదులో ఆడవాళ్లకు చోటు: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఆడపిల్లలకు, వాళ్ల అమ్మలకు ఖురాన్ చదవడం నేర్పుతాను. లేడీస్ నమాజ్ హాల్ పెట్టాలనుకునే కమిటీలు కూడా అప్పుడప్పుడు పిలిచి సలహా అడుగుతుంటాయి. అందరి దగ్గరా మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆడవాళ్లు మసీదుకు వెళ్లకూడదు.

వాస్తవం: వెళ్లొచ్చు. "అల్లాహ్ దాసురాళ్లను అల్లాహ్ మసీదులకు రాకుండా ఆపకండి" అన్న ప్రవక్త మాట బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మదీనాలో ఆయన వెనక మగవాళ్ల వరసలు, వాళ్ల వెనక ఆడవాళ్ల వరసలు ఉండేవి. ఆడవాళ్లను మసీదుల్లోకి రానివ్వాలని 2019లో పుణె దంపతులు సుప్రీంకోర్టుకు వెళ్తే ముస్లిం పర్సనల్ లా బోర్డు 2020లోనూ, అలాంటిదే ఇంకో పిటిషన్ మీద 2023లోనూ ఇదే చెప్పింది: స్త్రీలు నమాజుకు మసీదుకు రావచ్చు, జమాతులో (ఇమామ్ వెనక అందరూ కలిసి చదివే నమాజులో) చేరడం మాత్రం వాళ్లకు తప్పనిసరి కాదు.

మరి మన వైపు ఎందుకు కనబడరు? నల్గొండ, పాలమూరు మసీదుల్లో ఎక్కువ హనఫీ పద్ధతివి (సున్నీల నాలుగు ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటి). ఆడవాళ్లు ఇంట్లో నమాజు చదువుకోవడమే మేలన్న హదీసు కూడా ఉంది. తరవాతి హనఫీ పండితులు కాలం బాగాలేదని దాన్నే గట్టిగా పట్టుకున్నారు. అలా రాకపోవడం అలవాటైంది, రారు కదా అని కట్టేటప్పుడే చోటు వదల్లేదు. ఇప్పుడు వద్దామన్నా చోటు లేదు. ఈ పద్ధతులు కాకుండా నేరుగా హదీసుల్నే అనుసరించే అహ్లె హదీస్ వాళ్ల మసీదుల్లో మాత్రం విడి ఏర్పాటు తరచుగా ఉంటుంది.

అపోహ: ఓ మూల పర్దా కట్టేస్తే ఏర్పాటు అయిపోయినట్టే.

వాస్తవం: ఇది కమిటీ పెద్దల అపోహ, నన్ను ఎక్కువ విసిగించేది కూడా ఇదే. నమాజుకు ముందు చేసే వజూ అంటే ముఖం, మోచేతుల దాకా చేతులు కడగాలి, తడిచేత్తో తల తుడవాలి, చీలమండల దాకా కాళ్లు కడగాలి. దుపట్టా తీయకుండా, చేతులు పైకి మడవకుండా అయ్యే పని కాదు. మగవాళ్లు కూర్చున్న వజూఖానాలో ఆడమనిషి ఎలా చేస్తుంది? అందుకే ముందు తలుపున్న వజూఖానా, పక్కనే గడియ సరిగ్గా పడే టాయిలెట్ కట్టండి. పర్దా ఆ తరవాత కొనొచ్చు. నల్లా ముందు కూర్చునే దిమ్మె కాస్త ఎత్తుగా ఉండాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందికి కూర్చుని లేవలేరు. బురఖా తగిలించుకోవడానికి గోడకు నాలుగు కొక్కేలు కావాలి. ఇది మాత్రం ఏ కమిటీకీ తట్టదు!

విడి గదిలో నమాజు చదివించే ఇమామ్ సాబ్ కనబడరు, గొంతే ఆధారం. అందరూ సజ్దాలో (నుదురు నేలకు ఆనించి) ఉండగా కరెంటు పోయిందనుకోండి, ఎప్పుడు లేవాలో ఎవరికీ తెలీదు. లోపలి స్పీకర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపితే ఆ టెన్షన్ ఉండదు.

దిక్కు సంగతి కూడా చూసుకోవాలి. నమాజులో ముఖం మక్కాలోని కాబా వైపు ఉండాలి. మన దగ్గర నుంచి కాబా నేరుగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు. తరవాత వేసిన రేకుల గదిని ప్లాటు గోడకు సమంగా కట్టి, తివాచీ కూడా గోడ వెంటే పరిచేస్తుంటారు. అప్పుడు దిక్కు తప్పుతుంది. కాబా వైపుకు సరిగ్గా నేల మీద టేపుతో వరసలు గీసుకుంటే చాలు. ఆ గది ఇమామ్ నిలబడే చోటు కంటే ముందుకు మాత్రం పడకూడదు.

అపోహ: చంటిపిల్లలతో వస్తే నమాజు చెడుతుంది.

వాస్తవం: పసివాడి ఏడుపు వినబడితే, తల్లికి ఇబ్బంది అని ప్రవక్తే నమాజు కుదించేవారు.

అపోహ: జుమా (శుక్రవారం మధ్యాహ్నం జమాతు నమాజు) చదివిన ఆడవాళ్లు ఇంటికొచ్చి మళ్లీ జుహర్ (రోజూ ఉండే మధ్యాహ్నం నమాజు) చదవాలి.

వాస్తవం: అక్కర్లేదు. జుమా వాళ్లకు విధి కాదు. వచ్చి చదివితే జుహర్ తీరినట్టే.

అపోహ: నెలసరిలో మసీదు ఆవరణలోకే రాకూడదు.

వాస్తవం: ఆ రోజుల్లో నమాజు ఉండదు, తరవాత ఖజా చేసే (తప్పినవి మళ్లీ చదివే) పని కూడా లేదు. తప్పిన రంజాన్ రోజాలు (ఉపవాసాలు) మాత్రం తరవాత ఉండాలి. నమాజు హాల్లో కూర్చోకూడదని ఎక్కువమంది పండితుల మాట. అయితే మసీదు హద్దులో చేరని ఆఫీసు గది, క్లాసు గది, మెట్లు దానికిందికి రావు. హద్దు ఎక్కడిదాకా అన్నది ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోండి. నేను క్లాసు బయటి గదిలో పెట్టేది ఇందుకే, లేకపోతే నెలకు కొన్ని రోజులు సగం మంది రారు.

అపోహ: హిందూ ఆడవాళ్లు మసీదు దగ్గరికి రాకూడదు.

వాస్తవం: మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) అయ్యాక చంటిపిల్లల్ని ఎత్తుకుని, దువా చదివి పిల్లల మీద ఊదించుకోవడానికి గేటు దగ్గర నిలబడే అమ్మల్లో చాలామంది హిందువులే. లోపల చూడాలనుకుంటే ముందుగా కమిటీని అడిగి, నమాజుకీ నమాజుకీ మధ్య రండి. చెప్పులు బయట విడిచి, తల మీద కొంగు వేసుకుంటే చాలు. లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గాకో, పీర్ల పండక్కో వెళ్లే అలవాటుతో కొందరు కొబ్బరికాయ, ఊదుబత్తులు తెస్తుంటారు. మసీదులో వాటి పని ఉండదు.

అపోహ: ప్రయాణంలో లేడీస్ హాల్ దొరక్కపోతే నమాజు పోయినట్టే.

వాస్తవం: శుభ్రమైన నేల ఎక్కడైనా చదవొచ్చు, దూర ప్రయాణంలో నాలుగు రకాతుల (నమాజులోని భాగాల) నమాజులు రెండే. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గరో, బెంగళూరు హైవే మీద జడ్చర్ల దగ్గరో బండి ఆపి మగవాళ్లు చదువుకొస్తే, ఆడవాళ్లు కారులోనే కూర్చుంటారు. దిగి మౌజన్ సాబ్‌ను (అజాన్ ఇచ్చే ఆయన్ను) అడగండి. హాల్ ఉన్నా నమాజు వేళ కాకపోతే తాళం వేసే ఉంటుంది, తెరిపించేది ఆయనే.