పోస్టులు ఖాళీ, పరికరాలకు తాళం: సీమ సైన్స్ డిపార్ట్‌మెంట్లు ఇక్కడిదాకా ఎలా వచ్చాయి?

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలైంది. 1976లో స్వయంప్రతిపత్తి వచ్చింది. 1981 జూలై 25న విశ్వవిద్యాలయం అయింది. కడప పీజీ సెంటర్ 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా, కర్నూలు పీజీ సెంటర్ 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా మారాయి. మూడూ ముందు పాఠాలు చెప్పడానికి పుట్టినవే. ఆ అవసరానికి సరిపడా జీతాలు రాష్ట్రం ఇచ్చింది. పరిశోధనకు కావలసిన పెద్ద పరికరాలు మాత్రం ఎక్కువగా ఢిల్లీ గ్రాంట్లతో వచ్చాయి. ఈ రెండు పద్దులూ మొదటినుంచీ ఒకదానికొకటి సంబంధం లేకుండానే నడిచాయి. నేటి చిక్కులకు మూలం అక్కడే ఉంది.

రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంట్‌లో సింహభాగం జీతాలకు, పింఛన్లకే పోతుంది. 2006 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) జీతాల స్కేళ్ల అదనపు భారంలో 80 శాతాన్ని కేంద్రం భరించింది, అదీ 2010 మార్చి వరకే. 2016 స్కేళ్లకు వచ్చేసరికి కేంద్రం వాటా 50 శాతానికి తగ్గింది, గడువు 2019 మార్చితో ముగిసింది. ఆ తర్వాత మొత్తం బరువు రాష్ట్రం మీదే పడింది. ఇక సొంత రాబడి అంటే అఫిలియేషన్, పరీక్ష ఫీజులు. కర్నూలులో విశ్వవిద్యాలయం రావడం ఆ జిల్లాకు మంచిదే. కానీ అక్కడి కాలేజీలు విడిపోవడంతో అనంతపురానికి ఆ ఫీజులు కూడా తగ్గాయి. కోత ఎప్పుడు పెట్టాల్సి వచ్చినా జీతాలను ముట్టుకోలేరు. కాబట్టి మొదటి వేటు కెమికల్స్, గ్లాస్‌వేర్, రిపేర్ల మీదే పడుతుంది.

పరికరాల పద్దుది మరో కథ. యూజీసీ స్పెషల్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, 2000లో కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్టీ) మొదలుపెట్టిన ఫిస్ట్ వంటి పథకాలతో ల్యాబులు నిండాయి. ఫిస్ట్ కాలం ఐదేళ్లు. గడువు తీరిన పరికరానికి ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) డబ్బు ఎవరు కట్టాలన్నది చాలాచోట్ల ముందుగా తేల్చుకోలేదు. పదార్థంలోని స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్‌రే డిఫ్రాక్టోమీటర్‌నే (ఎక్స్‌ఆర్‌డీ) తీసుకోండి. అది ఆగిందంటే అందరి అనుమానం ఖరీదైన ఎక్స్‌రే ట్యూబ్ మీదికే పోతుంది. ముందు చూడాల్సింది ట్యూబ్‌ను చల్లబరిచే చిల్లర్‌ను. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అవే పోస్తే సన్నటి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, నీటి ప్రవాహం తగ్గుతుంది, ఫ్లో స్విచ్ యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ స్విచ్‌ను తప్పించి నడిపితే ట్యూబ్ నిజంగానే కాలిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడడం, ఫిల్టర్ కడగడం, నీళ్లు మార్చిన తేదీని లాగ్‌బుక్‌లో రాయడం పెద్ద ఖర్చులేమీ కావు. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం మూడు నుంచి ఐదేళ్లలో మార్చక తప్పదు. ఆ డబ్బు ఏటా కొంత పక్కన పెట్టకపోతే లక్షల పరికరం బ్యాటరీల కోసం మూలన పడుతుంది.

అన్నిటికంటే లోతైన దెబ్బ ఖాళీలది. విశ్వవిద్యాలయం కొత్తగా ఉన్న రోజుల్లో ఒకే విడతలో చేరినవాళ్లు ఒకరి వెనక ఒకరు రిటైరయ్యారు. పాఠాలను అకడమిక్ కన్సల్టెంట్లు (తాత్కాలిక అధ్యాపకులు) భుజాన వేసుకున్నారు, ఇప్పటికీ మోస్తున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టులకు 2023లో వచ్చిన నోటిఫికేషన్ కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పర్మినెంట్ అధ్యాపకులే గైడ్లు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అంటే పోస్టు ఖాళీ కావడానికి మూడేళ్ల ముందే అక్కడ కొత్త స్కాలర్లు చేరడం ఆగిపోతుంది. స్కాలర్లు తగ్గితే పేపర్లు తగ్గుతాయి. పేపర్లు తగ్గితే పోటీ మీద ఇచ్చే గ్రాంట్ రాదు.

అందుకే కొత్త విభాగాధిపతి (హెచ్‌ఓడీ) మొదట రిటైర్మెంట్ల పట్టిక వేసుకోవాలి. రాబోయే ఆరేళ్లలో ఎవరు ఏ నెలలో వెళ్తారు, ఏ పేపర్ ఎవరు చెబుతున్నారు, ఎవరి కింద ఎంతమంది స్కాలర్లున్నారు అన్నవి ఒకే కాగితం మీద ఉండాలి. దానికి వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్ జతచేయాలి. యూజీసీ 2018 లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటలు. ప్రాక్టికల్ గంటలు వదిలేసి లెక్కకడితే పోస్టు ఉన్నా అవసరం లేనట్టు కనిపిస్తుంది. హెచ్‌ఓడీ పదవి రెండు మూడేళ్లకు చేతులు మారుతుంది కాబట్టి ఈ కాగితాన్ని డిపార్ట్‌మెంటల్ కమిటీ మినిట్స్‌లోకి ఎక్కించాలి. లేకుంటే తర్వాతివారు మళ్లీ మొదటినుంచీ రావాలి.

అడ్మిషన్ల సంగతీ మారింది. 2021లో పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన తొలి ఏపీపీజీసెట్‌ను యోగి వేమన విశ్వవిద్యాలయమే నిర్వహించింది. 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చింది. అంతకుముందు ఎంపీసీ చదివిన విద్యార్థి ఎమ్మెస్సీలో మూడింట దేనివైపైనా వెళ్లగలిగేవాడు. ఆ దారి ఇరుకైంది. కాబట్టి చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో ఏ మేజర్లు నడుస్తున్నాయో తెలుసుకోకుండా సీట్లు, ఎలెక్టివ్‌లు నిర్ణయించడం నష్టమే.

డబ్బు వచ్చినా దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో పని. కేంద్ర ప్రాజెక్టులు చాలావరకు డబ్బు ముందుగా జమకాకుండా ఖర్చు పరిమితి మాత్రమే ఇచ్చే జీరో బ్యాలెన్స్ ఖాతాల్లోకి మారాయి. మార్చి 31లోగా వాడని పరిమితి మురిగిపోతుంది. కొటేషన్లు, జెమ్ (ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్) కొనుగోలు జనవరికి తెచ్చుకుంటే గడువు తప్పినట్టే. ఇండెంట్ (కొనుగోలు కోరే కాగితం) ఆగస్టులోనే కదలాలి. జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం), ఖర్చుల పట్టిక ఫైనాన్స్ ఆఫీసర్ సంతకంతో వెళ్తేగానీ తర్వాతి విడత రాదు. యూసీ పెండింగ్‌లో పెట్టి రిటైరైన ఇన్వెస్టిగేటర్ ఫైలును వెతికి ముగించడం కూడా హెచ్‌ఓడీ పనే.

ప్రతి పరికరమూ సొంతంగా కొనాల్సిన పనిలేదు. 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఇతర సంస్థల పరికరాలను బుక్ చేసుకోవచ్చు. విశ్వవిద్యాలయాల పరిశోధకులకు పరికరాలు అందించే, ఇండోర్ కేంద్రంగా ఉన్న యూజీసీ-డీఏఈ కన్సార్షియానికి కల్పాక్కంలోనూ విభాగం ఉంది. శాంపిల్ పంపేముందు ఇక్కడి ఎక్స్‌ఆర్‌డీలో ఫేజ్ (అందులో ఉన్నది అనుకున్న పదార్థమేనా అన్నది) సరిచూసుకోవాలి. అశుద్ధ శాంపిల్‌తో దొరికిన స్లాట్ వృథా అయితే మళ్లీ క్యూలో నిలబడాలి. అందువల్ల ఇక్కడి పాత ఎక్స్‌ఆర్‌డీని నడుస్తూ ఉంచడమే ముందు పని, కొత్త పరికరానికి ప్రపోజల్ రాయడం ఆ తర్వాతే.