అప్‌గ్రేడ్ తర్వాత బ్యాకప్‌లో ఆటో ఇంక్రిమెంట్: అపోహలు - వాస్తవాలు

మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 5.7 నుంచి 8.0కు మారిన తర్వాత తీసిన బ్యాకప్‌లో ఆటో ఇంక్రిమెంట్ విలువకూ (కొత్త రికార్డుకు తర్వాతి ఐడీని ఇచ్చే కౌంటర్) టేబుల్‌లోని చివరి ఐడీకీ పొంతన కుదరడం లేదన్న ఫిర్యాదు నా దగ్గరికి తరచు వస్తుంటుంది.

అపోహ: అప్‌గ్రేడ్ వల్ల కౌంటర్ పాడైంది.

వాస్తవం: చాలా సందర్భాల్లో కౌంటర్ సరిగానే ఉంటుంది, దాన్ని చదివిన చోటే తప్పు. 8.0లో ఇన్ఫర్మేషన్ స్కీమా (డేటాబేస్ గురించిన వివరాలుండే భాగం)లోని టేబుల్స్ వ్యూ ఈ విలువను కాష్‌లో ఉన్న గణాంకాల నుంచి చూపిస్తుంది. ఆ గణాంకాల గడువు డిఫాల్ట్‌గా 86400 సెకన్లు, అంటే ఒక రోజు, కాబట్టి ఈలోగా వేల రికార్డులు చేరినా ఆ గణాంకాలనే చదివే షో టేబుల్ స్టేటస్ కమాండ్ పాత సంఖ్యనే చూపించవచ్చు. షో క్రియేట్ టేబుల్ మాత్రం అసలు విలువనే ఇస్తుంది. అందుచేత ముందుగా ఈ రెండింటినీ పోల్చి చూడాలి. మీ సొంత బ్యాకప్ స్క్రిప్టు ఇన్ఫర్మేషన్ స్కీమాపై ఆధారపడుతుంటే, ఆ సెషన్‌లో ఆ గడువును నిర్ణయించే ఇన్ఫర్మేషన్_స్కీమా_స్టాట్స్_ఎక్స్‌పైరీని 0గా పెట్టాలి.

అపోహ: కౌంటర్ ఎప్పుడూ గరిష్ఠ ఐడీ కంటే సరిగ్గా ఒకటే ఎక్కువ ఉండాలి.

వాస్తవం: ఇది 5.7 చేసిన అలవాటు. అందులో ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను భద్రపరిచే ఇంజిన్) కౌంటర్‌ను మెమరీలోనే ఉంచుకుని, సర్వర్ రీస్టార్ట్ అయ్యాక గరిష్ఠ ఐడీని చూసి మళ్లీ లెక్కగట్టేది. 1000 వరకు ఐడీలున్న టేబుల్‌లో చివరి పదింటిని తొలగించి రీస్టార్ట్ చేస్తే 5.7లో తర్వాతి ఐడీ 991 అవుతుంది, 8.0లో 1001 అవుతుంది, ఎందుకంటే 8.0 కౌంటర్‌ను రీడూ లాగ్ (మార్పులను నమోదు చేసే ఫైలు) ద్వారా డిస్క్‌పై భద్రపరుస్తుంది. రోల్‌బ్యాక్ అయిన (మధ్యలో రద్దయిన) ఇన్సర్ట్‌లు వాడుకున్న సంఖ్యలు కూడా తిరిగి రావు.

అపోహ: తక్కువ విలువ ఉన్న బ్యాకప్ పనికిరాదు.

వాస్తవం: రీస్టోర్‌లో రికార్డులు తమ ఐడీలతో సహా చేరుతున్నప్పుడు, కౌంటర్‌ను మించిన ఐడీ వస్తే ఇన్నోడీబీయే కౌంటర్‌ను ముందుకు జరుపుతుంది. అసలు ప్రమాదం తొలగించిన ఐడీలతోనే (దీన్ని పట్టించుకునేవారు తక్కువ): వాటిని ఆర్కైవ్ టేబుల్ గానీ మరో సర్వీసు గానీ ఇంకా గుర్తుపెట్టుకుని ఉంటే, అదే సంఖ్య కొత్త రికార్డుకు దక్కి రెండూ కలగాపులగమవుతాయి. అలాంటి చోట, రీస్టోర్ ముగిసిన వెంటనే, కొత్త ఇన్సర్ట్‌లను అనుమతించకముందే, ఆల్టర్ టేబుల్‌తో కౌంటర్‌ను ఇప్పటివరకు ఎక్కడైనా వాడిన అత్యధిక ఐడీకి పైన నిలపాలి.